ఒడ్డునే మిగిలిపోయిన నావికుడు

సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని ఆ రోజుల్లో, తెనాలి నుంచి రేపల్లె బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళే నేను, ప్యాసింజరు రైల్లో రోజుకొక ఓడను ముంచేవాణ్ణి. అద్దె పుస్తకాల షాపులో సముద్రం మీద జరిగే సస్పెన్స్ నవల ఒక్కటీ వదల్లేదు. చుట్టూ నీళ్ళు, పారిపోవడానికి దారి లేదు, హంతకుడేమో ఓడలోనే ఉన్నాడు. మనిషికి ఇంతకంటే ఏం కావాలి? చదివీ చదివీ నేనూ ఒకటి రాసేశాను. (అప్పటికి నేనెక్కిన అతి పెద్ద నౌక, కొల్లూరు దగ్గర ఏటి మధ్య లంకకు దాటించే పడవ.) వారపత్రికకు పంపితే ఎడిటరుగారు కార్డు రాశారు: "మీరు సముద్రం మీదికి వెళ్ళలేదని తెలిసిపోతోంది. వెళ్ళి వచ్చి మూడో అధ్యాయం తిరగరాయండి. బాగుంటే సీరియల్‌గా వేస్తాం." పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశతో నాకు నిద్ర పట్టలేదు.

బాపట్ల మావయ్య తనకు తెలిసిన పడవ పెద్దాయనకు నన్ను అప్పగించాడు. ఆదివారం పొద్దున సూర్యలంక ఒడ్డున నలుగురు మనుషులు పడవలో వలలు సర్దుతున్నారు. నేను మహా ధీమాగా నోటుబుక్కు తెరిచి, "తాతా, ఈ పడవ మునిగితే ముందు ఎవరు దూకుతారు?" అని అడిగాను.

సర్దే చేతులు ఆగిపోయాయి. నలుగురూ కిందికి దిగారు. "బయల్దేరేటప్పుడు ఆ మాట అనొచ్చా సారూ? గంగమ్మ తల్లి వినదా?" అన్నాడు పెద్దాయన. పడవకు మళ్ళీ పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి వెళ్ళిపోయారు. నన్ను ఎక్కించుకోలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఎక్కించుకోను.

ఒడ్డున పెద్దాయన భార్య చేపలు ఎండబెడుతోంది. "ఎప్పుడొస్తారు మామ్మా?" అంటే, "మజ్జానానికొచ్చేస్తారయ్యా" అంది. మధ్యాహ్నం దాటింది. గాలి పెరిగింది. పడవ జాడ లేదు. నా నోటి మాటే తగిలిందేమోనని భయం పట్టుకుంది. (ఓడలకు ఓడలే ముంచినవాణ్ణి, ఆ ఒక్క చిన్న పడవ కోసం తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.) "ఎంతసేపలా చూస్తావు? ఓ ముద్ద తిను" అని మామ్మ గిన్నె ఇచ్చింది. తను మాత్రం తినలేదు.

ఎండ వాలే వేళకు పడవ వచ్చింది. దూరంగా చేపలు పడుతుంటే ఆగిపోయారట. పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. "ఇంకా ఇక్కడే ఉన్నారా సారూ! ఒడ్డుకొచ్చేశాంగా, ఇప్పుడడగండి, ఎవరు దూకుతారో చెబుతాను." నాకు ఏడుపొచ్చి అడగలేకపోయాను.

మూడో అధ్యాయంలోంచి తుపానునూ హంతకుణ్ణీ తీసేసి, ఒడ్డున ఒక ముసలమ్మను కూర్చోబెట్టి పంపాను. నవల తిరిగొచ్చింది, పైన ఒక్క వాక్యంతో: "ఇందులో సస్పెన్స్ ఎక్కడుందండీ?" అప్పుడు మండిపడ్డాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఎడిటరుగారు మామ్మ పక్కన కూర్చోలేదు కదా.