చెక్క మీద కాలు

ఆయన్ని బంధువులంతా ఇంజనీరు అంటారు. ఉద్యోగం నీటిపన్ను ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ఏ వస్తువైనా కాస్త చెడితే, అది పూర్తిగా చెడేదాకా బాగుచేయడం ఆయనకు అలవాటు. పాత కారునీ ఈ పద్ధతిలోనే కాపాడుకొస్తున్నాడు.

ఆ వేసవిలో కారు ఏసీకి ఫ్యూజు నిలవడం మానేసింది. కొత్తది వేసినా మూణ్ణాళ్ళ ముచ్చటే. ఫ్యూజుకి సత్తువ చాలలేదేమోనని ఇంజనీరు పెద్దది వేశాడు, మాడిన కంపు కొట్టేసరికి పీకేశాడు. మెకానిక్ ఫ్యాను మోటారు మార్చి చేతులు దులుపుకున్నాడు. చివరికి ఇంజనీరే బుర్రకు పదును పెట్టి అసలు సంగతి కనిపెట్టాడు. తానొక్కడే వెళితే ఊరంతా తిరిగినా ఫ్యూజుకి ఢోకా లేదు. పక్కన భార్య కూర్చుంటే వీధి మలుపు తిరక్కుండానే ఏసీ ఆగిపోతుంది.

“ఏమనుకోకు గానీ, నువ్వు అడుగు పెడితే దీనికి పడట్లేదు,” అన్నాడు. సైన్సు చదువుకున్నవాడు కనక అపశకునం అనే మాట వాడలేదు.

మోకాలి ఆపరేషన్ అయిన ఆమెకు వారం వారం ఆసుపత్రిలో వ్యాయామం చేయిస్తారు. పోనీ ఏసీ కట్టేసి తీసుకెళ్ళమని అడిగింది. “అసలే జబ్బుపడ్డ బండి,” అన్నాడు. ఆమె బస్సులో వెళ్ళసాగింది, ఎక్కువసార్లు నించునే. కాలు వాచింది. ఇలాగే ఉంటే ఇక మోకాలు వంగదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెబితే, “కారు బాగవనీ,” అంటూ ఇంజనీరు ఏసీ వేసుకుని ఒక్కడే బండిని పరీక్షించడానికి బయల్దేరాడు.

చూడ్డానికొచ్చిన ఆమె తమ్ముడికి అక్క కాలు చూసి కడుపు మండింది. అయినా పైకి ఏమీ అనకుండా, “బావా, ఒకసారి అలా వెళ్ళొద్దాం,” అని కారెక్కి పక్క సీట్లో కాళ్ళు బారజాపాడు. గేటు దాటగానే ఏసీ ఆగింది.

“అయితే మీ వంశమే అంత అన్నమాట,” అన్నాడు ఇంజనీరు, కాస్త సంతోషంగానే.

“ఉండు బావా. నా కాళ్ళ కింద ఏదో కిర్రుమంది. ఏంటిది?”

“కాలు పెట్టుకునే చెక్క. ఆపరేషనయ్యాక కాలు వేలాడితే నొప్పంటోందని మీ అక్క కోసం నేనే బిగించా.”

“ఎప్పుడు?”

ఇంజనీరు వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టాడు. ఫ్యూజులు పోవడం మొదలైంది కూడా చెక్క బిగించిన వారమే.

ఇద్దరూ చెక్క విప్పారు. పొట్టి స్క్రూ కొనడం దండగని, తలుపుకి బిగించగా మిగిలిన పొడుగు స్క్రూ వాడాడు మహానుభావుడు. అది చెక్కనీ, కారు నేల మీద పరిచిన పట్టానీ దాటి, కింద పోయే ఫ్యాను వైరు ఒలిచి పెట్టింది. చెక్క మీద కాలు ఆనించితే చాలు, ఆ వైరు కారు రేకుకి తగిలి ఫ్యూజు పోతుంది. పెళ్ళాం కోసం ఎవరూ చెప్పకుండా ఆయన చేసిన పని ఇదొక్కటే. ఆ పని వల్ల పోయిన ఫ్యూజుల నెపం ఆమె మీదే వేసి బస్సెక్కించాడు. ఇంజనీరుకి నిజంగా సిగ్గేసింది.

ఆసుపత్రికి వెళ్ళే రోజున ఆయనే కారు తలుపు తీసి పట్టుకున్నాడు. “ఎక్కు. వైరుకి టేపు చుట్టేశా, చెక్క కూడా తీసి డిక్కీలో పడేశాలే.”

ఆమె ఎక్కలేదు. “తప్పు స్క్రూదైతే చెక్కని పడేశారేం? నింద వేయడానికి మీకెప్పుడూ పక్కనున్నవాళ్ళే దొరుకుతారు.”

ఇంజనీరు డిక్కీ తెరిచాడు. చెక్క తెచ్చి, రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని జిగురుతో అతికించాడు. అది ఆరేదాకా ఆమె గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన ఎండలో నించున్నాడు.