ముందు వరుస లేని గది

ఒక విమానయాన సంస్థ తన చౌక తరగతి సీట్లను మార్చింది. మార్చిన సీటులో ప్రయాణించిన ఒక రంగుల మేస్త్రీ మోకాలు శాశ్వతంగా చెడిపోయింది. నష్టపరిహారం కోరుతూ అతని భార్య వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్లింది. ఆ సీటు హాయిగా ఉందని స్వయంగా చెప్పిన మనిషి దాని మీద ఫిర్యాదు చేయడం చెల్లదంటూ న్యాయస్థానం ఆమెను తిప్పి పంపింది. ఆమె ఆ మాట అన్న సంగతి నిజమే. ఏ గదిలో కూర్చోబెట్టి ఆమె చేత ఆ మాట అనిపించారో విచారించే బాధ్యతను మాత్రం ఎవరూ తమదిగా భావించలేదు.

విమానాల సీట్లు తయారుచేసే కర్మాగారంలో తొడుగులు కుట్టడం ఆమె పని. చిన్నప్పుడు మేనత్త మిషను మీద చిరిగిన దిండు గలీబులకు అతుకులు వేస్తూ కుట్టు నేర్చుకుంది. పెళ్లయ్యాక కొంతకాలం బడిపిల్లల బట్టలు కుట్టింది. కర్మాగారంలో చేరాక మందపాటి రెక్సిన్, నిప్పంటుకోని గుడ్డ చేతికి అలవాటయ్యాయి. ఆమె వేసిన కుట్టు ముడత లేకుండా సాపుగా ఉంటుందని తోటివాళ్లు ఆమెకు ‘ఇస్త్రీ’ అని పేరు పెట్టారు. పక్క మిషను మీద కుట్టే స్త్రీని ‘రేడియో’ అనేవారు. ఎందుకో ఆమె పక్కన కాసేపు కూర్చుంటే తెలిసేది.

ఆ హాలులో ఎవరికీ కుర్చీ లేదు. వీపు ఆనించడానికి వీల్లేని ఇనుప స్టూళ్లే ఉన్నాయి. పెద్ద గుడ్డలను అటూ ఇటూ తిప్పడానికి కుర్చీ అడ్డమన్నది యాజమాన్యం పైకి చెప్పే కారణం. అసలు కారణాన్ని సూపర్‌వైజరు ఒకసారి దాపరికం లేకుండా బయటపెట్టాడు: “వాలడానికి చోటిస్తే వాలతారు. వాలితే చెయ్యి ఆగుతుంది.” మధ్యాహ్నం దాటేసరికి ఒకరి తర్వాత ఒకరు లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, వెనక్కి విరుచుకుని మళ్లీ కూర్చునేవారు. పగలంతా ఇతరుల వీపులకు మెత్తలు సిద్ధం చేసే ఆ స్త్రీలలో విమానం ఎక్కినవారు ఒక్కరూ లేరు.

“మన కుట్లు లోకమంతా తిరిగొస్తున్నాయే,” అనేది రేడియో. “మన నడుములే ఈ స్టూలు దిగలేదు.”

“నీ నోరు తిరిగొస్తోందిగా, అది చాల్లే,” అనేది ఇస్త్రీ.

ఆ రోజుల్లోనే పైన చెప్పిన విమాన సంస్థ కొత్త సీటు కావాలంది. స్పాంజి పలచన కావాలి. వీపు భాగం వెనక్కి వాలకూడదు. సీటు వెనకవైపు గుడ్డకు బదులు గట్టి ప్లాస్టిక్ పలక ఉండాలి. ఇలాంటి సీటు సన్నగా ఉంటుంది కాబట్టి అదే విమానంలో ఎక్కువ వరుసలు పడతాయి. దీన్నే ప్రకటనల్లో ‘ఇక ముందువాడు మీ ఒళ్లో వాలడు’ అని రాశారు. ప్రయాణికుడి నుంచి ఒక సౌకర్యాన్ని తీసేసి, తీసేయడమే సౌకర్యమని అతనికే అమ్మిన వాక్యమది.

సీటు సుఖంగా ఉందని తేలాలంటే ఎవరో కూర్చుని చెప్పాలి. బయటి మనుషులను పిలిపించే తీరిక లేక కుట్టు హాలు నుంచే వంతుల వారీగా తీసుకెళ్లారు. ఆ పరీక్ష గది చల్లగా ఉండేది. నేల మీద తివాచీ, దాని మీద ఒకే ఒక్క వరుస సీట్లు, ఎదురుగా చాలా దూరంలో నీలిరంగు గోడ. కూర్చున్నవాళ్లను ఒక టీ తాగేంతసేపు ఉంచి, లేపి పంపేవారు. అభిప్రాయాలు సేకరించే యువ ఇంజనీరును అందరూ పరీక్షల సారు అనేవారు.

ఇస్త్రీ కూర్చుంది. వీపు వెనక్కి ఆనగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు పరీక్షల సారు.

“హాయిగా ఉంది సార్.”

“వీపుకు?”

“ఆనుకోడానికంటూ ఒకటి ఉంది కదండీ. ఇంకేం కావాలి?”

“మోకాళ్లకు?”

“మోకాళ్లకేం సార్, బారుగా చాపేశాను.”

పక్క సీటులో ఉన్న రేడియో అందుకుంది. “సార్, దీన్ని లేపకండి. ఇక్కడే ఉంచి మిషను తెచ్చి ఒళ్లో పెట్టండి, రెట్టింపు కుడుతుంది.”

సారు కూడా నవ్వాడు. నవ్వుతూనే కంప్యూటర్‌లో ‘హాయిగా ఉంది’ అని కొట్టాడు. ఆమె అబద్ధమాడలేదు. ఇనుప స్టూలు మీద నుంచి నేరుగా లేచి వచ్చిన నడుం ఏ సీటులో కూర్చున్నా ఇదే చెబుతుంది. ఆ నడుముల అలసటను కొలిచి, దానికి సీటు సుఖమని పేరు పెట్టడం ఎవరి ఆలోచనో కర్మాగారం ఈనాటికీ చెప్పలేదు.

ఆమె భర్త ఎత్తయిన భవనాలకు రంగులు వేసే మేస్త్రీ. మనిషి బాగా పొడగరి కావడంతో పనివాళ్లు ‘నిచ్చెన’ అని పిలిచేవారు. పని ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లేవాడు. అలా వెళ్లిన ఒక దూరపు నగరంలో పరంజా మీద నుంచి పడి మోకాలి చిప్ప రెండుగా పగిలింది. అక్కడే ఆపరేషన్ చేసి చిప్పను తీగతో బిగించి కట్టారు. ఇంటికి వెళ్లవచ్చని, ఎముక అతికేదాకా కాలు చాపే ఉంచాలని, బలవంతంగా వంచితే తీగ తెగుతుందని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. భర్తను తీసుకురావడానికి ఇస్త్రీ రైల్లో వెళ్లింది. అదే ముఠాలో పనిచేసే మరిది ఆసుపత్రి వరండాలో ఆమెతో ప్రయాణం సంగతి ఎత్తాడు.

“వదినా, రైల్లో కింది బెర్తు చూద్దాం. అన్నయ్య కాలు చాపుకుని పడుకుంటాడు.”

“రెండు రోజులు ఆ కుదుపుల్లోనా? బాత్రూమ్‌కి ఎవరు మోస్తారు, నువ్వా నేనా? విమానమైతే పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం.”

“విమానంలో సీట్లు ఇరుకంట కదా.”

“అంటలూ అనుకుంటలూ నాకు చెప్పకు. ఆ సీట్లకు తొడుగులు కుట్టింది నేను. కూర్చుని చూసింది నేను. మీ అన్నయ్య కాళ్లు చాపినా ఇంకా చోటు మిగులుతుంది.”

మంచం మీద నుంచి నిచ్చెన కలగజేసుకున్నాడు. “వదిలెయ్‌రా. మీ వదిన కుట్టిన సీటులో కూర్చోకుండా పోతే నన్ను ఇంట్లోకి రానివ్వదు.”

టికెట్లు ఆమె మాట మీదే, ఆ సీట్లున్న సంస్థ విమానంలోనే తీశారు.

విమానంలోకి వెళ్లాక ఆమె మొదట తొడుగు అంచు తడిమి చూసుకుంది. కుట్టు తమ హాలుదే. భర్తకు చూపించి మురిసిపోబోయింది. అప్పుడు కనబడింది ముందు సీటు వీపు. పరీక్ష గదిలో నీలిగోడ దాకా ఖాళీగా ఉన్న చోటును ఇక్కడ గట్టి ప్లాస్టిక్ పలక ఆక్రమించుకుని ఉంది. ఆమె మోకాళ్లకే అది తగులుతోంది.

నిచ్చెనది నడవ పక్క సీటు. కాలిని నడవలోకి చాపి కూర్చున్నాడు. విమానం పైకి లేచాక తినుబండారాల బండి తోసుకుంటూ ఒక సిబ్బంది అమ్మాయి వచ్చింది.

“సార్, కాలు లోపలికి తీసుకోండి.”

“ఆపరేషన్ అయిందమ్మా. వంచకూడదన్నారు.”

“నాకు అర్థమైంది సార్. కానీ దారిలో ఉంచకూడదు, రూల్.”

“ముందు వరుసలో కాస్త చోటిప్పించమ్మా,” అంది ఇస్త్రీ.

“నిండిపోయిందండీ. సారీ.”

చుట్టుపక్కల తలలు ఇటు తిరిగాయి. నలుగురిలో గొడవ పడటం నిచ్చెనకు చేతకాదు. కాలు వంగకుండా ఆసుపత్రిలో బిగించిన కట్టును కొంచెం వదులు చేసి, పళ్లు బిగించి, మోకాలిని మెల్లగా వంచి పలకకు ఆనించాడు. “నా కాళ్లు కొలుచుకుని పెళ్లి చేసుకోవాల్సింది నువ్వు,” అన్నాడు భార్యతో. ఆమె నవ్వలేదు. మోకాలికీ పలకకూ మధ్య తన అరచేతిని దూర్చి, దిగేదాకా తియ్యకుండా కూర్చుంది. చక్రాలు నేలను తాకినప్పుడు విమానం గట్టిగా కుదిపింది. ఏదో పుటుక్కుమనడం అతని కంటే ముందు ఆమె అరచేతికి తెలిసింది.

తీగ తెగింది. అతుకుతున్న చిప్ప మళ్లీ విడిపోయింది. రెండో ఆపరేషన్‌లో ముక్కలను చాలావరకు తీసెయ్యాల్సి వచ్చింది. కాలు కర్రలా బిగుసుకుపోయింది. ఇక పరంజా ఎక్కే మాట లేదు. వాళ్లది ఒకే గది ఇల్లు. గుమ్మం పక్కన మంచం వేసుకుని, కాలు చాపుకుని కూర్చుంటాడు. లోపలికి వచ్చేవాళ్లు ఆ కాలును దాటుకునే రావాలి. దాటిన ప్రతిసారీ అతను “సారీ” అంటాడు, కట్టుకున్న భార్యతో కూడా. ఇస్త్రీలో వచ్చిన మార్పు చెప్పడం కష్టం. ఇంట్లో దేని గురించీ ఆమె ఇప్పుడు బాగుందనో బాలేదనో అనదు. అన్నంలోకి చేసిన కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, “మీరే చూసుకోండి,” అంటుంది.

న్యాయస్థానంలో ఆమెకు వకీలు లేడు. ఆ సీటు హాయిగా ఉందని పరీక్షలో చెప్పింది తానేనని, విమానంలోనే వెళ్దామని పట్టుబట్టింది తానేనని ఫిర్యాదులో ఆమె దాచకుండా రాసింది. దాచకపోవడమే ఆమె చేసిన తప్పని విమాన సంస్థ వకీలు అడిగిన ప్రశ్నలను బట్టి తెలిసింది.

“ఈ సీటు విమానాల్లోకి రాకముందే మీరు దీనిలో కూర్చున్నారా?”

“కూర్చున్నానండి.”

“ఎలా ఉందని చెప్పారు?”

“హాయిగా ఉందని.”

“అలా చెప్పమని ఎవరైనా బలవంతపెట్టారా?”

“లేదండి.”

“మీ మరిది రైలు అంటే, వద్దు విమానమే అన్నది ఎవరు?”

“నేనేనండి.”

వకీలు కూర్చోబోతుండగా ఆమె మళ్లీ అంది: “అప్పుడు ముందు సీటు లేదండి.”

“ఏమిటి?” అన్నాడు న్యాయమూర్తి.

“మమ్మల్ని కూర్చోబెట్టిన గదిలో ముందు వరుస లేదండి. గోడ ఉంది. అది ఎక్కడో ఉంది.”

“నేను అడిగినదానికి ఇది జవాబు కాదు,” అన్నాడు వకీలు. న్యాయమూర్తి తలూపాడు. టైపు చేస్తున్న గుమాస్తా వేళ్లు ఆగిపోయాయి. తీర్పులో ‘హాయిగా ఉంది’ అన్నది ఉంది. గది లేదు, గోడ లేదు, ముందు వరుస లేదు.

బయట మెట్ల మీద నిచ్చెన కర్ర ఊతంతో ఒక్కో మెట్టూ దిగుతూ భార్యను ఓదార్చబోయాడు.

“నువ్వేమీ అబద్ధం చెప్పలేదు కదే.”

“అబద్ధమైతే క్షమించమని అడిగేదాన్ని,” అంది ఆమె. “నిజం చెప్పి మీ కాలు తీశాను. దీనికి ఏమని అడగను?”

అతను కర్రను కింది మెట్టు మీద మోపి దిగాడు.

ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే కాబట్టి ఆ కర్మాగారంలోనే, ఆ స్టూలు మీదే, ఆ తొడుగులే కుడుతోంది. ఇటీవల మరో సీటు వచ్చింది, ఇంతకంటే పలచనిది. మళ్లీ వంతుల వారీగా పిలిచారు. ఆమె వెళ్లింది గానీ కూర్చోలేదు.

“ముందొక వరుస వెయ్యండి సార్. విమానంలో ఎంత దగ్గరగా వేస్తారో అంత దగ్గరగా. అప్పుడు కూర్చుంటాను.”

“అమ్మా, మేం పరీక్షించేది సీటును,” అన్నాడు పరీక్షల సారు. “వరుసకీ వరుసకీ ఎంత దూరం వేసుకుంటారో అది విమానం వాళ్ల ఇష్టం.”

ఆ విమాన సంస్థేమో న్యాయస్థానంలో, సీటు సుఖాన్ని తేల్చాల్సింది తయారీదారేనని, తేల్చాడని, తమకు సంబంధం లేదని వాదించింది. ఇద్దరూ కలిసి ఒక మనిషి మోకాలిని నలిపి, ఇద్దరూ ఎదుటివాడి వైపు వేలు చూపించారు. ఆ రెండు వేళ్ల నడుమ బాధ్యత కనబడకుండా పోయింది.

ఆ రోజు నుంచి ఇస్త్రీని పరీక్షకు పిలవలేదు. రేడియో వెళ్లి వచ్చింది. వచ్చి తన మిషను ముందు కూర్చుని, ఎన్నడూ లేనిది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఏం చెప్పావు?” అని అడిగింది ఇస్త్రీ.

“ఏం చెయ్యనే. వీపు ఆనగానే కళ్లు మూతలు పడ్డాయి,” అంది రేడియో తలెత్తకుండా. “హాయిగా ఉందనే చెప్పాను.”

కొత్త సీటుకు అనుమతి వచ్చింది. త్వరలో విమానాల్లో బిగిస్తారు. దానిలో ఎవరో పొడగరి, ఎవరో కాలు నొప్పి మనిషి కూర్చోబోతున్నారు. వారు ఫిర్యాదు చేస్తే చదివి వినిపించడానికి రేడియో మాట ఇప్పటికే సిద్ధంగా ఉంది.

కర్మాగారం యజమానులారా, ఆ గదిలో రెండో వరుస వేయండి. విమానం గాలిలో ఉండేంతసేపూ మనుషులను కూర్చోబెట్టి అప్పుడు అడగండి. కుట్టు హాలులో ఇనుప స్టూళ్లు తీసి వీపు ఆనే కుర్చీలు వేసేదాకా అక్కడి నుంచి ఒక్క మనిషిని కూడా సాక్షిగా తీసుకోకండి. విమాన సంస్థ పెద్దలారా, వరుసల మధ్య దూరాన్ని నిర్ణయించింది మీరే. ఆ దూరానికి పూచీ మీదేనని రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఆ మేస్త్రీ కాలికి పరిహారం చెల్లించండి. ఇక న్యాయమూర్తి గారూ, ఒక స్త్రీ చెప్పిన దానిలో సగం రాసుకుని, ఆ సగంతోనే ఆమెను దోషిని చేశారు. మీరు వదిలేసిన మాటలను నమోదు చేసి, ఈ ఫిర్యాదును మళ్లీ విచారణకు తీసుకోండి.