ఎదురింటత్త నానబోసిన బియ్యం

మా ఎదురింటత్త పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు పడుకుంటానందట. మళ్లీ లేవలేదు. మీలో ఎవరికీ ఆమె తెలియదు. మద్రాసు తిరువొత్తియూరులో మా సందు దాటితే ఆమె పేరు ఎరిగినవాళ్లు లేరు. తెలియాల్సిన మనిషి అనిపించి రాస్తున్నాను.

మా నాయన సౌకార్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్లో పని చేసేవాడు. పగలు ఆయనంత నెమ్మదస్తుడు లేడు. తాగి వస్తే అమ్మను కొట్టేవాడు. మా తాతా అంతే. తాత చెయ్యెత్తితే చిన్నప్పుడు నాయన మంచం కింద దూరి చెవులు మూసుకునేవాడని మా అవ్వే చెప్పింది. అలాంటి బిడ్డ పెద్దయి అదే చెయ్యి ఎలా ఎత్తాడో నాకు ఈనాటికీ అర్థం కాదు. ఆయన మీద కోపమూ పోలేదు.

అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో అవ్వ ఆమెకు ఒక పద్ధతి నేర్పింది. మొగుడు తూలుతూ వస్తే గ్రైండరు వెయ్యాలి. బియ్యం లేకపోయినా ఉత్త నీళ్లు పోసి తిప్పాలి. ఆ గడగడలో ఏడుపు బయటికి వినపడదు, పరువు దక్కుతుంది. చారు పెట్టడం నేర్పినట్టే ఇదీ నేర్పింది. నిజానికి ఆ చప్పుడు ఎందుకో సందులో అందరికీ తెలుసు. వాళ్లు టీవీ సౌండు కాస్త పెంచుకునేవాళ్లు.

ఎదురింటత్త మాత్రం నానిన బియ్యం గిన్నె పట్టుకుని వచ్చేది. తన గ్రైండరు పని చెయ్యడం లేదని, ఒక వాయి రుబ్బుకుని పోతానని చెప్పి, జవాబు కోసం ఆగకుండా వంటింట్లో పీట వాల్చుకుని కూర్చునేది. పరాయి ఆడమనిషి ఎదురుగా ఉంటే నాయన చెయ్యి లేచేది కాదు. గొణుక్కుంటూ పోయి పడుకునేవాడు. బియ్యం అయ్యాక ఉద్దిపప్పు, అది ఇంకా మెదగలేదని మరి కాసేపు. ఆయన గురక వినపడ్డాకే లేచేది. అంతసేపూ కూరగాయల ధరలు తప్ప ఇంకో మాట ఎత్తేది కాదు.

ఆమె గ్రైండరు ఏనాడూ చెడిపోలేదు. ఎప్పుడు అవసరమొస్తుందోనని రోజూ బియ్యం నానబోసేది, అంతే. అవసరం రాకపోయినా నానిన బియ్యం రుబ్బక తప్పదు కదా. వాళ్లాయన పాపం ఇడ్లీలు తిని తిని విసిగి, దొంగచాటుగా హోటల్లో పూరీ తిని వచ్చేవాడు.

ఒకసారి ఆమె పిండి తోడుతుంటే అడిగాను, ఎందుకత్తా నీకీ అవస్థ అని. ఆమె చెయ్యి ఆగలేదు.

"మా అమ్మ రుబ్బురోట్లో ఉత్త నీళ్లు పోసి తిప్పేది పాపా. ఆడ ఎవురూ రాలా."

నాయన లివరు చెడి పోయాడు. ఆ తరవాత కొన్నేళ్లకు తమ్ముడు తాగుతున్నాడని తెలిసింది. చిన్నప్పుడు అత్త వీపు వెనక దాక్కున్నవాడు. ఆమె వాణ్ని పిలిచి కూర్చోబెట్టుకుంది, తిట్టలేదు.

"మీ నాయన కూడా నీ మాదిరే ఏడ్చిన బిడ్డే రా. ఏడ్చినోడు కొట్టడనుకుంటిమి," అంది.

వాడు తల వంచుకుని విన్నాడు. పెళ్లయ్యాక మాధవరంలో ఇల్లు తీసుకున్నాడు. అంత దూరం గిన్నె మోసుకుని తానెలా పోగలనని ఆమె నాతో అంది.

ఆమె పోయినరోజు తమ్ముడొచ్చాడు. పాడె మోశాడు, కన్నకొడుకు కంటే ఎక్కువ ఏడ్చాడు. శ్మశానం నుంచి తిరిగొస్తూ కొందరు బ్రాందీషాపు వైపు తిరిగితే వాడూ వాళ్లతో పోయాడు. మర్నాడు పొద్దున మరదలు నాకు ఫోన్ చేసింది. "వదినా" అంది. వెనక టీవీ చెవులు పగిలేలా మోగుతోంది. అంత గట్టిగా ఎందుకు పెట్టిందో నాకు అర్థమైపోయింది.

మాధవరం బస్సెక్కాక భయమేసింది. ఎందుకొచ్చావంటే చెప్పడానికి నా దగ్గర సాకు కూడా లేదు. ఇన్నేళ్లూ ఆమె ఎంత ఒంటరిగా మా గుమ్మం తొక్కిందో అప్పుడు తెలిసింది. అంత పెద్ద సందులో ఆమె వెంట వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అత్తా, నువ్వు భయపడ్డావా అని అడుగుదామంటే ఇక మనిషి లేదు.

తలుపు తమ్ముడే తీశాడు. వాడికి సిగ్గేస్తే తమిళం వస్తుంది. ఎందుకొచ్చావని తమిళంలోనే అడిగాడు.

"ఊరికే వచ్చినా. ఈడ కూచుంటా," అన్నాను.

లోపలికి పోయి కూర్చున్నాను. మరదలు మొహం కడుక్కుని వచ్చి, టీవీ ఆపి, నా పక్కన కూలబడింది. మేనకోడలు వచ్చి నన్ను ఆనుకుని నిలబడింది. వాడు కాసేపు మమ్మల్ని చూసి, కూతుర్ని రమ్మని చెయ్యి చాపాడు. పిల్ల ఆ చేతినే చూస్తోంది గానీ కదల్లేదు. వాడు ముందుకు రాలేక, చాపిన చెయ్యి దించలేక, అలాగే నిలబడ్డాడు.