కుట్టు మాది, పొట్ట మీది

తడి గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆవిరికి ఒక వాసన ఉంటుంది. కొంచెం గంజి, కొంచెం వేడెక్కిన నూలు, పక్కనే ఉన్న కుట్టు మిషన్ నూనె. మొన్న ఆదివారం మీర్‌పేట్‌లో మా వీధి చివరి టైలర్ దుకాణంలో నిలబడి ఉండగా ఆ వాసన ముక్కుకు తగిలింది. మా అక్క కూతురి ఫంక్షన్‌కి వేసుకుందామని బయటికి తీసిన ఆకుపచ్చ జాకెట్ చేతుల దాకా బాగానే ఎక్కి, హుక్కుల దగ్గర మాత్రం రానని మొండికేసింది. దాన్ని వదులు చేయించడానికి వెళ్లాను. దుకాణం నడిపే అమ్మాయి జాకెట్‌ను తిరగేసి, పక్క కుట్టు మీద బ్లేడు పెట్టింది. టిక్, టిక్ అని దారం తెగుతుంటే నేను ఇరవై మూడేళ్ల వయసుకు, ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ఎరువుల దుకాణం పైనున్న ఒక గదికి వెళ్లిపోయాను. ఆ గదిలో నాకు పని నేర్పింది అంజయ్య మాస్టర్. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా, సాఫ్ట్‌వేర్ అమ్మే మనిషి అని మాత్రం అనుకుని ఉండరు.

ఆయన ముప్పై ఏళ్లు లేడీస్ టైలర్. ఒక వానాకాలం దుకాణం కప్పు కారి కొలతల పుస్తకం తడిసి ముద్దయింది. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల కొలతలు సిరానీళ్లలో కలిసిపోయాయి. ఆ కడుపుమంటలో ఆయన ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడినొకణ్ణి పట్టుకుని, కొలతలు కంప్యూటర్‌లో దాచే ప్రోగ్రాం రాయించుకున్నారు. అది చూసి పక్క టైలర్ అడిగాడు, తర్వాత ఆ టైలర్ బావమరిది అడిగాడు. నేను చేరేనాటికి చుట్టుపక్కల అరవై దుకాణాల్లో అది నడుస్తోంది. అప్పటికి కుర్రాడు మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. మాస్టర్‌కు చూపు మందగించి మిషన్ తొక్కడం మానేశారు గానీ, మెడలో టేపు మాత్రం తీయలేదు. కంప్యూటర్ ముందు కూడా దాన్ని మెడలో వేసుకునే కూర్చునేవారు.

నా ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో అయిపోయింది. ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకెళ్లిన సర్టిఫికెట్లను ఆయన తెరవనే లేదు.

"గివన్ని సరే గని, జాకెట్‌కు కొలతలెన్ని?" అన్నారు.

"మూడా మాస్టర్? నాకు తెల్వదు."

"మూడైతె గోనెసంచి అయితది. రేపటి సంది రా."

ఎందుకు తీసుకున్నారని చాన్నాళ్లకు అడిగితే, "తెల్వనిదాన్ని తెల్వదన్నవ్. గది నచ్చింది" అన్నారు. ఆ ఒక్క గుణం మీదే నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారన్నమాట. ఆ గుణాన్ని నేను ఎంత చక్కగా నిలబెట్టుకున్నానో ఇప్పుడు చెప్పబోతున్నాను.

అంతకుముందు ఆయన పెట్టుకున్న ఒక నియమం చెప్పాలి. మన్నెగూడ సత్తన్న అని ఒక టైలర్ ఉండేవాడు. ఆడవాళ్ల జాకెట్లతో మొదలుపెట్టి మగవాళ్ల ప్యాంట్లలోకి దిగాడు. ఒకరోజు వచ్చి, సాఫ్ట్‌వేర్‌లో ప్యాంటు కొలతలు కూడా పెట్టివ్వమన్నాడు. పైసలవుతాయని నేనన్నాను. సత్తన్నకు మండింది.

"కొన్ననాడు ఇచ్చిన గదా, మళ్లెందుకిస్త?" అని నన్ను కాదని మాస్టర్‌ను అడిగాడు.

మాస్టర్ కళ్లజోడు పైకి తోసుకున్నారు. "సత్తన్నా, పెండ్లినాటి ప్యాంటు పడ్తలేదని ఒకాయన పట్టుకొస్తె ఉత్తగనే కుట్లు ఇప్పి వదులు జేస్తవా?"

"ఉత్తగ ఎందుకు జేస్త? పొట్ట ఆయినది."

"నువ్వే కుట్టు తప్పేస్తె?"

"అప్పుడు పైసలు తీసుకోను. తప్పు నాది గదా."

"మరి గిది గూడ గంతే. కుట్టు నాదైతె ఉత్తగ. పొట్ట నీదైతె పైసలు. ప్యాంట్లల్లకు దిగింది నువ్వు, పెరిగింది నీ పొట్ట."

సత్తన్న తన పొట్ట వైపు ఒకసారి చూసుకుని, మారుమాట లేకుండా పైసలిచ్చి వెళ్లాడు. సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా మార్చినప్పుడు కొన్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవాలా వద్దా అన్న విషయం మీద ఆ తర్వాత పెద్ద పెద్ద వాళ్లు గంటల తరబడి మాట్లాడగా విన్నాను. అంతకన్నా తేలిగ్గా తేల్చినవాళ్లు మాత్రం ఎవరూ కనబడలేదు.

ఇక నా ఘనకార్యం. మా టైలర్లకు కొలతలు రాయడంలో ఒక అలవాటుంది. పుస్తకంలో అంకె వేసి, దాని పక్కన పావు అంగుళానికి ఒక గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు గీతలు పెడతారు. కంప్యూటర్‌లో గీతలు పెట్టే వీలు లేదు కాబట్టి, అంకె తర్వాత చుక్క పెట్టి ఎన్ని గీతలో ఆ అంకె వేసేవారు. అంటే వాళ్లు 34.3 అని కొడితే ముప్పై నాలుగు ముప్పావు అన్నమాట. ఇది వాళ్లందరికీ తెలుసు, మాస్టర్‌కు తెలుసు, వెళ్లిపోయిన కుర్రాడికీ తెలుసు. తెలియనిది, అడగనిది నేనొక్కదాన్నే. ప్రతి జాకెట్‌కూ కంప్యూటర్ అచ్చువేసి ఇచ్చే కొలతల చీటీ మీద ఈ చుక్కలు అందవికారంగా కనిపించాయి. చదువుకున్నదాన్ని కదా, చుక్క తర్వాత మూడంటే సగం కంటే తక్కువే అని లెక్కగట్టి, అన్నిటినీ కిందికి సరిచేసి, చీటీని శుభ్రం చేశాను. ఆ శుభ్రతను అరవై దుకాణాలకూ ఉచితంగానే పంపించాను.

అది పెళ్లిళ్ల నెల. మా వైపు పొలాలమ్మి ప్లాట్ల వెంచర్ పడిన ప్రతిసారీ ఆ డబ్బుతో పట్టుచీరలు దిగుతాయి, వాటి వెనక జాకెట్లు. ఆ నెలలో ఇబ్రహీంపట్నం నుంచి మహేశ్వరం దాకా కుట్టిన ప్రతి జాకెట్టూ బిగుతైంది. అయినా మూడు వారాల దాకా కంప్యూటర్‌ను ఎవరూ అనుమానించలేదు. ఎందుకంటే జాకెట్ పట్టడం లేదని ఎవరొచ్చినా టైలర్లు అలవాటుగా చెప్పే జవాబు ఒకటుంది, "మీరే జర లావయిండ్రు." అరవై దుకాణాల్లో అదే చెప్పారు, ఆడవాళ్లు అదే నమ్మారు. పొద్దున్నే కాలేజీ రోడ్డు మీద గుంపులు గుంపులుగా నడక మొదలైంది. మా అమ్మ అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలకు దిగి, నేను అన్నం తింటుంటే నా కంచం వైపు దిగులుగా చూసేది.

అమ్మ కొత్త జాకెట్‌ను పాతదాని మీద పరిచి, ముప్పావు అంగుళం తక్కువుందని చూపించిన రోజున నాకు అనుమానం వచ్చింది. మర్నాడు కంప్యూటర్‌లో దాచిన కొలతలు తీసి చూస్తే, చుక్క తర్వాత మూడు దాటిన అంకె ఒక్కటీ లేదు, అవన్నీ పావుల లెక్కలు. వెంటనే మాస్టర్‌కు చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుందని భయం, అంతకన్నా ఇంజినీరింగ్ పరువు పోతుందని భయం. అందుకని ఒక తెలివైన పని చేశాను. తప్పును సరిచేసి, దానికి తోడు జాకెట్ తయారవగానే కస్టమర్ ఫోనుకు మెసేజ్ పోయే ఏర్పాటు ఒకటి కలిపి, మొత్తాన్ని కొత్త వర్షన్ అన్నాను. దానికి ధర కూడా పెడదామన్నాను.

"సిటీల అందరు ఏడాదికోసారి తీసుకుంటరు మాస్టర్. మనమే ధర్మసత్రం నడిపిస్తున్నం" అన్నాను.

ఆయన ఆలోచించారు. "మెసేజ్‌లు కొత్తవే గదా. పొట్ట వాళ్లదే. సరే, తీస్కుందాం."

కొత్త వర్షన్ కోసం మొదట వచ్చింది మహేశ్వరం యాదమ్మక్క. ఇరవై ఏళ్లుగా ఒంటిచేత్తో దుకాణం నడుపుతున్న మనిషి. సంచిలో ఒక పెళ్లి జాకెట్, కొలతల పుస్తకం పట్టుకుని బస్సు దిగి వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే కొంగు ముడి విప్పి పైసలు టేబుల్ మీద పెట్టింది.

"మెసేజ్‌లు నాకొద్దు మాస్టర్. కొత్తది ఏస్తె జాకెట్లు సక్కగొస్తయా, గది చెప్పు" అంది.

"ఏమైంది చెల్లె?"

"ఏం కుట్టినా పడ్తలేదు. పెండ్లిపిల్ల తల్లి దుకాణంల జాకెట్ నా మొకాన కొట్టింది. పదిహేను రోజుల సంది విప్పుడు, మళ్ల కుట్టుడు. కండ్ల దవాఖానకు పోతె కండ్లు మంచిగున్నయన్నరు. అయితె చెయ్యే పోయిందేమో మాస్టర్. చెయ్యి పోతె నేనేం బతుకుత?"

ఆమె ఏడవలేదు. తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా కంప్యూటర్ వెనక్కి ఒదిగాను.

మాస్టర్ మెడలోంచి టేపు తీసి జాకెట్ కొలిచారు. దానికి గుచ్చి ఉన్న చీటీ చూశారు, ముప్పై నాలుగు. యాదమ్మక్క పాత అలవాటు కొద్దీ ఇంకా రాస్తున్న పుస్తకం తెరిచారు, ముప్పై నాలుగు పక్కన మూడు గీతలు. ఆయన వేలు ఆ గీతల మీద ఆగింది.

"నీ చెయ్యికి ఏం కాలే చెల్లె. చీటీల ఉన్నట్టె కుట్టినవ్" అని, నావైపు తిరిగారు. "బిడ్డా, కొత్తదాంట్ల ఇది సరైతదా?"

"అయితది మాస్టర్."

"అంటె నీకు ముందే ఎరుక."

కంప్యూటర్ వెనక నుంచి లేచి వచ్చాను. "నాదే తప్పు మాస్టర్. బయపడి చెప్పలే" అన్నాను. ఆయన తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. టేబుల్ మీది పైసలు తీసి యాదమ్మక్క అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు. "పైసలు పట్కపో చెల్లె. కుట్టు మాది" అన్నారు.

యాదమ్మక్క కాసేపు నన్ను, కాసేపు తన చేతిని చూసింది. తర్వాత ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, మరి గా పెండ్లిపిల్లను నేను లడ్డూలు మెక్కి బలిసినవంటి గదా! ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని పోవాలె?" మాస్టర్ పకపకా నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ కలిసి వచ్చాయి.

మర్నాటి నుంచి మేమిద్దరం ఊళ్లు తిరిగాం. నేను స్కూటీ నడిపితే ఆయన వెనక కత్తెర, బ్లేడు, దారం ఉండలున్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ప్రతి దుకాణంలో సరిచేసిన ప్రోగ్రాం ఎక్కించడం నా పని. అంతకుముందు, కస్టమర్లు వింటుండగా, "తప్పు నాది, మీ చెయ్యిది కాదు" అని చెప్పడం కూడా నా పనే. మొదటి దుకాణంలో ఆ మాట గోడ వైపు తిరిగి చెప్పాను. పదో దుకాణానికి కొంచెం అలవాటైంది. ఇరవయ్యోదానికి వచ్చేసరికి నిజం చెప్పడం ఇంత తేలికా అనిపించింది.

మన్నెగూడలో సత్తన్న మొత్తం విని, గడ్డం గోక్కున్నాడు. "దుకాణంలవి సరే. మా ఇంటామె జాకెట్ పడ్తలేదంటె లావయినవంటి. నాల్గు రోజుల సంది మాట్లాడ్తలేదు. దానికేమన్న అప్‌డేట్ ఉందా?"

"దానికి నువ్వే పైసలు పెట్టుకోవాలె, ఒక చీర కొనుక్కపో" అన్నారు మాస్టర్.

మహేశ్వరంలో రెండు రోజులున్నాం. యాదమ్మక్క దగ్గర గుట్టగా పడి ఉన్న జాకెట్లను నేను బ్లేడుతో విప్పుతుంటే, మాస్టర్ ముక్కుకు అంగుళం దూరంలో గుడ్డ పెట్టుకుని మిషన్ తొక్కారు. ఆ చూపుతో ఆయన అలా కుడుతుంటే నాకు పడిన శిక్ష చాలదనిపించింది. ప్రతి జాకెట్ లోపలా కుట్టు అవతల అంగుళం దాకా గుడ్డ మిగిలి ఉంది.

"చూసినవా, యాదమ్మ లోపల గుడ్డ ఇడిసిపెట్టింది. గందుకె బతికిపోయినం" అన్నారాయన. "నువ్వు రాసేదాంట్ల గూడ ఇడిసిపెట్టు. రేపు తప్పని తెలిస్తె ఇప్పుకొని సక్కజేసేటట్టు ఉండాలె. అంచు దాకా కోసి కుడితె, తప్పైనంక గుడ్డ పారెయ్యాల్సిందే."

"ఇట్ల అందరికి ఉత్తగ చేసుకుంట పోతె మనమెట్ల బతుకుతం మాస్టర్?"

"పొట్టలు పెరుగుతనే ఉంటయి బిడ్డా. ఫికర్ జెయ్యకు."

ఆయన చెప్పినట్టే అయింది. అరవై మందిలో ఒక్కరు కూడా మమ్మల్ని వదిలిపోలేదు. రెండు నెలలకు మెసేజ్‌లు కావాలని వాళ్లే అడిగి, పైసలిచ్చి వేయించుకున్నారు. కాలేజీ రోడ్డు మీద నడిచేవాళ్లు పలచబడ్డారు. మా అమ్మ అన్నంలోకి తిరిగి వచ్చింది. తప్పు నాదేనని చెప్పినప్పుడు మాత్రం వారం రోజులు నాకు కూర తక్కువ వడ్డించింది.

నాకు సిటీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయేటప్పుడు మాస్టర్ ఆకుపచ్చ పట్టుగుడ్డ తెప్పించి, తనే ఒక జాకెట్ కుట్టిచ్చారు. అదే ఆయన కుట్టిన చివరిది. వేసుకుని చూపిస్తే చుట్టూ తిరిగి పరీక్షగా చూసి, "ఇప్పుడు సరిపోయింది. తర్వాత గూడ సరిపోతది" అన్నారు. ఆ రెండో మాట నాకప్పుడు అర్థం కాలేదు. ఆయన పోయి మూడేళ్లవుతోంది. ఇప్పుడు మా ఆఫీసులో కొత్త వర్షన్‌కు ధర నిర్ణయించే మీటింగుల్లో నేను ఒక్కటే అడుగుతాను, ఇది కుట్టా, పొట్టా అని. కొత్తగా చేరినవాళ్లు బిక్కమొహం వేస్తారు. పాతవాళ్లు మాత్రం కుట్లన్నీ ఏరి, ధర లేని వరుసలోకి మార్చేస్తారు.

"మేడం, ఇది ఎవరు కుట్టిండ్రు?" అన్న గొంతు విని మీర్‌పేట్‌కు తిరిగొచ్చాను. ఆ అమ్మాయి జాకెట్‌ను వెలుగుకు ఎత్తి పట్టుకుంది. విప్పిన కుట్టు పక్కన ఎండ తగలని పట్టు నిగనిగలాడుతోంది. "రెండు పక్కల ఇంతింత గుడ్డ ఇడిసిపెట్టిండ్రు. ఇప్పుడు ఇప్పినంక గూడ ఇంకో రెండుసార్లకు వస్తది."

ఆ గుడ్డను వేళ్లతో పట్టుకున్నాను. చూపు సరిగా ఆనని ఆ మనిషి, నేను మారతానని, మళ్లీ తప్పులు చేస్తానని, ఏదో ఒకరోజు కాస్త వదులు కావాల్సి వస్తుందని ముందే లెక్కవేసి మడిచిపెట్టారు.

ఎంత ఇమ్మంటావని అడిగాను. నేను బేరమాడతానేమోనని ఆ అమ్మాయి కాస్త మొహమాటంగా ధర చెప్పింది. అడిగినంతా ఆమె చేతిలో పెట్టాను.

"తీసుకోమ్మా" అన్నాను. "కుట్టు బాగానే ఉంది. పొట్ట నాది."