చుక్కల దర్జీ ఓరచూపు

కుట్టుమిషను తొక్కి బతికే మనిషికి గెలాక్సీల గోలేమిటని వీధి వీధంతా నవ్వింది. నవ్వితే ఆయనకేం? ‘చుక్కల దర్జీ’ అని పేరు పెడితే అదే బిరుదనుకున్నాడు. పాత సామాన్ల కొట్లో దొరికిన టెలిస్కోపును డాబా మీద బిగించి, ఒకదాన్నొకటి లాక్కుంటున్న రెండు గెలాక్సీలను పట్టుకున్నాడు. పట్టుకోవడమంటే ఏముంది, గుడ్డ మీద దులిపేసిన సుద్దమరకంత కూడా లేవవి.

అంత మసక వస్తువును నేరుగా చూస్తే మాయమైపోతుంది. చూపు కాస్త పక్కన నిలిపితేనే కంటికొసకు అందుతుంది. ఆ విద్య ఆయన కుడికంటికి బాగా పట్టుబడింది.

“ఇంతకీ అవి కొట్టుకుంటున్నాయా, కలుస్తున్నాయా?” అని అడిగేది భార్య.

“రెండూనే. మనలాగే.”

“చాల్లెండి సంబడం!”

కొన్నేళ్లకు, అంతవరకూ నేరుగా చూసినా అందుతూ వచ్చిన ఆ గెలాక్సీల నడిమధ్య వెలుగు కూడా నేరుగా చూస్తే కనిపించడం మానేసింది. కొత్త వీధిదీపాలదే పాపమని మున్సిపాలిటీ ఆఫీసుకెళ్లి నానా యాగీ చేశాడు. ఓరగా చూస్తే కనిపిస్తూనే ఉందాయె, కంటిని అనుమానించడమెందుకు? ఈమధ్య ఇంట్లోనూ అదే వరస. “పెళ్లైన కొత్తలో కూడా ఇన్ని ఓరచూపుల్లేవు, ఇప్పుడేంటండీ ఈ సరసం!” అని భార్య మురిసిపోయింది, పిచ్చితల్లి.

ఒక పొద్దున సూదిలో దారం ఎక్కలేదు. నేరుగా చూస్తే సూదే లేదు. పక్కకి చూస్తే సూది ఉంది, బెజ్జం లేదు. అప్పుడు భయమేసింది ఆయనకి.

కంటి డాక్టరమ్మ ఒక్కో కన్నూ మూయించి చూసింది. “కుడికంట్లో నడిమి చూపు పోయి ఏళ్లయిందండీ. ఇప్పుడు ఎడమదీ పోతోంది. మొదట్లోనే వచ్చుంటే కొంతైనా ఆపేవాళ్లం. ఇన్నాళ్లూ తెలీలేదా?”

“కనిపించకపోతే పక్కకి చూస్తాను కదమ్మా. అలవాటు.”

హవ్వ! ముచ్చటపడి నేర్చుకున్న విద్యే కొంప ముంచింది.

ఆ సాయంత్రం భార్యను దీపం కింద కూర్చోబెట్టి నేరుగా చూశాడు. చెవులున్నాయి, భుజాలున్నాయి, మధ్యలో ముఖం లేదు. చూపు గోడవైపు జరిపాడు. పలచగా వచ్చింది ముఖం, ఏడుస్తున్నట్టుంది.

“ఎటు చూస్తున్నారండీ? నేనిక్కడున్నా.”

“నిన్నేనే చూస్తున్నది.”

ఆవిడకి మనసాగలేదు. లేచి, ఆయన చూస్తున్న గోడ దగ్గరికే వెళ్లి ఎదురుగా నిలబడింది.

“అక్కడొద్దే!” అన్నాడు దర్జీ. అప్పటికే మాయమైపోయింది.