డ్రమ్ము మీద తొమ్మిది అంకెలు

మంజీరలో నేను పట్టిన వాలుగ చేప కడుపులో లారీ టైరు దొరికిందని షిఫ్టు బస్సులో చెప్పింది నేనే. టైరులో గాలి కూడా దిగలేదన్నాను. అందుకే ఆ రోజు నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు.

తొంభైల్లో గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని నాది. డ్రమ్ముల మీద నంబర్లు వేయడానికి అంకెలు కోసిన రేకులుండేవి. రేకును ఆనించి రంగు అద్దితే అంకె పడుతుంది. టీ టైములో ఒకటి నుంచి తొమ్మిది దాకా రేకులు బల్ల మీద పోశాను.

“ఎట్లనన్న కలుపుండ్రి. ఏ వరుసల పెట్టినా ఆ నంబరు తొమ్మిదితోని తెగుతది. ఏం మిగలదు.”

వరసకు నాకు బావ అయ్యే మేస్త్రీ టీ గ్లాసు దించాడు. “చేపలైపోయినయ్, ఇగ లెక్కల మీద పడ్డవా? మిగిలితే ఏం జేస్తవ్?”

“బొంతపల్లి జాతర దాకా బస్సుల నోరిప్ప.”

అనేశాను గానీ, కథ చెప్పకుండా బస్సెక్కడమంటే నాకు అన్నం మానేయడమే!

“వీడు మాయ చేస్తడు,” అని బావ నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టాడు. వెనక రేకులు గలగలమన్నాయి. పాత డ్రమ్ము మీద నంబరు అద్దారు. ఆఫీసు క్యాలిక్యులేటర్‌లో ఎనిమిది అంకెలే పడతాయి కాబట్టి సుద్దముక్కతో డ్రమ్ము మీదే భాగహారం.

“మూడు మిగిలింది!” బావ గంతేశాడు. “సచ్చినవ్ బామ్మర్దీ! జాతర దాకా నోరు బందు!”

డ్రమ్ములు వాయించి ఒకటే గోల. నా చెవుల్లో మాత్రం మూడు, మూడు అని మోగుతోంది. ఒకటి నుంచి తొమ్మిది కలిపితే నలభై ఐదు. అంకెలు చోటు మారినా ఆ మొత్తం మారదు. మొత్తం తొమ్మిదితో తెగితే నంబరూ తెగాల్సిందే. మరి ఈ మూడు ఎక్కడిది? ఏ అంకె తనంతట తాను మూడు పెరుగుతుంది?

గోడవైపే చూస్తూ అరిచాను.

“బావా, ఆరు రేకు తలకిందులు పెట్టినవ్! సూడు, రెండు తొమ్మిదులున్నయ్!”

గోల ఆగిపోయింది. “అరె, ఉన్నయ్ రా!” అన్నాడు బావ, గొంతు తగ్గించి. 471938295. చివరి నుంచి రెండో రేకు తిప్పితే 471938265. మళ్లీ సుద్దముక్క. అందరూ డ్రమ్ము మీదకు వంగారు. ఆఖరి మెట్టులో నలభై ఐదులోంచి నలభై ఐదు పోయి సున్నా!

“వీనికి వీపుల గూడ కండ్లున్నయ్!” అన్నారెవరో.

ఆ సాయంత్రం బస్సులో బావే జరిగి కిటికీ సీటిచ్చాడు. “చెప్పు బామ్మర్దీ, చేప కడుపుల టైరు ఏమైంది?”

“ఏమైతది? కడిగి ఈ బస్సుకే ఏసిండ్రు. ముంగటి ఎడమ టైరు.”

వేరే రోజైతే నవ్వేవాళ్లు. ఆ రోజు ఇద్దరు కిటికీలోంచి వంగి చూశారు. అందులో ఒకడు మా బావ.