గుట్టెక్కిన నీలి గీత

ఊళ్ళో అందరూ ఆయన్ని నీళ్ళాయన అనేవారు. ముప్పై రెండేళ్ళు నీటి సరఫరా ఆఫీసులో వాల్వులు తిప్పాడు. తెల్లారకముందే సైకిలుకి వాల్వు తిప్పే పొడవాటి ఇనప తాళంచెవి కట్టుకుని బయల్దేరేవాడు. వీధి మలుపుల్లో మూత లేపి, నడుం వంచి, ఇటు నాలుగు చుట్లు, అటు ఆరు చుట్లు తిప్పి, నేలకి చెవి ఆనించి వినేవాడు. లోపల నీళ్ళు పరుగెత్తే చప్పుడు వినపడితేనే లేచేవాడు. ఏ సందులో గొట్టం వంకర తిరిగిందో, ఏ ఇంటివాళ్ళు మోటారు బిగించి పక్కింటి నీళ్ళు గుంజేస్తారో ఆయనకి కంఠతా వచ్చు. ఆఫీసులో ఉన్న పటాలు ఏనాడో పాతబడిపోయాయి. అందుకని తనే ఒక పెద్ద నోటుబుక్కులో వీధి వీధీ గీసుకున్నాడు. గొట్టాలకి నీలం సిరా, వాల్వులకి ఎర్ర చుక్క. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు కూడా తవ్వకానికి ముందు ఆ పుస్తకం చూసిపోయేవారు.

రిటైరయ్యాక ఆ పుస్తకాన్ని అడిగేవాళ్ళు లేరు, ఆయన్నీ అడిగేవాళ్ళు లేరు. పొద్దున్నే మెలకువ వచ్చేస్తుంది, వెళ్ళడానికి చోటుండదు. వంటింట్లో కుళాయి కారుతోందా లేదా అని రోజుకి నాలుగుసార్లు చూసుకుంటుంటే భార్యకి చిర్రెత్తుకొచ్చేది.

"ఊరంతా తిరిగొచ్చి ఇప్పుడు ఈ ఒక్క కుళాయి మీద పడ్డారేంటండీ నా ప్రాణానికి!" అనేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు. తల్లి పోయాక తొమ్మిదేళ్ళవాడిగా ఈ ఇంటికొచ్చి, ఇక్కడే చదువుకుని, ఇక్కడే మీసాలు మొలిపించుకున్నాడు. నీళ్ళాయనకి పిల్లల్లేరు. కాబట్టి వాడు బావమరిది అనేది బయటివాళ్ళకి చెప్పే మాట, లోపలి లెక్క వేరు. బట్టల కొట్లో కొన్నాళ్ళు చీరలు విప్పి చూపించి, అక్కడ అలవడిన నోటి చలువతోనే ఇళ్ళు అమ్మిపెట్టే పనిలోకి దిగాడు.

నిజానికి అప్పుడు ఊరు కూడా అందుకు తగ్గట్టే ఉంది. ఒక మోస్తరు ఊరు ఉన్నట్టుండి నగరం అయిపోతోంది. రాజధానిలో ఒక గది వచ్చే డబ్బుకి ఇక్కడ రెండు పడగ్గదుల ఇల్లొస్తుంది. పెద్దాసుపత్రి కట్టారు, దాని పక్కన వైద్య కళాశాల. చుట్టూ వెడల్పాటి రోడ్డు పడింది. వచ్చిన నర్సులకీ, చదువుకునే పిల్లలకీ, ఫ్యాక్టరీ ఉద్యోగులకీ అద్దె ఇళ్ళు చాలడం లేదు. టులెట్ బోర్డు పొద్దున కడితే సాయంత్రానికి విప్పాల్సిందే. ఇల్లు కొని అద్దెకిచ్చుకుందామనుకునే పైఊరి వాళ్ళు ఆదివారం ఆదివారం దిగేవారు. బావమరిది వాళ్ళని ఒక మినీ బస్సులో ఎక్కించుకుని ఊరంతా చూపించేవాడు.

"బావా, నేనెంత చెప్పినా అమ్ముకునేవాడి మాటగానే చూస్తారు. నువ్వొచ్చి ముందు సీట్లో కూచో. నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పు, చాలు" అన్నాడు.

"అబద్ధం ఒక్కటి కూడా చెప్పను, ముందే చెబుతున్నా" అన్నాడు నీళ్ళాయన.

"నిన్ను అబద్ధమాడమనే ధైర్యం నాకుందా బావా?"

ఆ మాటకి ఆయన పొంగిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఆదివారం కోసం శుక్రవారం నుంచే ఎదురుచూసేవాడు. బస్సు కదిలిందంటే ఆయన నోటికి ఆనకట్ట ఉండేది కాదు.

"ఊరు పెరుగుతోందని మీరు పేపర్లో చదివుంటారు. నేను వాల్వు దగ్గర కనిపెట్టానండీ. ఆసుపత్రి వీధికి ఒకప్పుడు గంట నీళ్ళిస్తే మిగిలిపోయేవి. ఇప్పుడు మూడు గంటలిచ్చినా ఇంకా అడుగుతున్నారు. అంటే ఏంటి? జనం నిండారు. ఇక్కడ కొంటే ఇల్లు ఖాళీగా ఉండదు. కాలవ వీధి మాత్రం వద్దు, వానాకాలం మురుగు ఎదురు తంతుంది. స్టేషను వెనకాల బ్రహ్మాండంగా ఉంటుంది, గొట్టాలు నా చేతుల మీదుగా మార్చినవే."

జనం నోట్లో ఈగ దూరినా తెలియనంతగా వినేవారు. వద్దన్న వీధి గురించి కూడా చెబుతాడు కాబట్టి, బాగుందన్న వీధిని కళ్ళు మూసుకుని నమ్మేవారు. ఒకసారి ఒకాయన ఊరి చివర గుట్ట చూపించి, "అక్కడ గాలి బాగుంటుందేమో" అన్నాడు. నీళ్ళాయన నవ్వేశాడు. "గాలి బాగానే ఉంటుందండీ, తాగడానికే పనికిరాదు. ఊరి నీళ్ళ ట్యాంకు కన్నా ఆ గుట్టే ఎత్తు. నీళ్ళు అక్కడికి ఎక్కవు. బోరు వేద్దామంటే కింద అంతా బండ."

బావమరిది కూడా అందరితోపాటు నవ్వాడు.

ఆ తరవాత కొన్నాళ్ళకి వాడు నోటుబుక్కు అడిగాడు. "పుస్తకంలా అచ్చేసి కొనేవాళ్ళకి పంచుదాం బావా. నీ పేరు నిలబడిపోతుంది." నీళ్ళాయన ఆ పుస్తకానికి కొత్త అట్ట వేసి మరీ ఇచ్చాడు. పాత యూనిఫాం వేసుకుని ఫొటో కూడా దిగాడు. అచ్చు ఏమైందని అడిగినప్పుడల్లా, "రంగులు సరిగా రాలేదు బావా, మళ్ళీ వేయిస్తున్నా" అనేవాడు. కొంతకాలానికి ఆయన అడగడం మానేశాడు.

ఏడాదిన్నర గడిచింది. ఈలోగా గుట్ట మీద ఎవరో మూడంతస్తుల ఇళ్ళు కట్టారు, ఆదివారం బస్సు మాత్రం ఎప్పుడూ అటు వెళ్ళేది కాదు. ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఒకావిడ నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. రాజధానిలో ఆసుపత్రి నర్సునని చెప్పింది. మంచినీళ్ళిస్తే గ్లాసు వంక ఒక్క క్షణం చూసి, ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. అప్పుడు సంచిలోంచి ఒక నునుపు కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"ఈ ఫొటోలో ఉన్నది మీరేనా బాబాయిగారూ?"

ఆయనే. యూనిఫాంలో నవ్వుతున్నాడు. పక్కన తన పటం. తన నీలం, తన ఎర్ర చుక్కలు, ఆసుపత్రి వీధి దగ్గర తను రాసుకున్న అక్షరాలతో సహా. కానీ స్టేషను వెనక ఆగిపోవాల్సిన నీలి గీత ఆగలేదు. వంపు తిరిగి, సాఫీగా, గుట్ట మీదికి ఎక్కేసింది. కింద పెద్దక్షరాలతో, "ముప్పై రెండేళ్ళ అనుభవం చెబుతున్న మాట: గుట్ట కాలనీకి నీళ్ళొచ్చేశాయి!" అని ఉంది.

"ఇది... ఈ గీత నేను గియ్యలేదమ్మా" అన్నాడు.

"నేను మీ మొహం చూసి కొన్నాను" అంది ఆమె. కోపంగా కూడా అనలేదు. అదే ఆయనకి ఎక్కువ తగిలింది. "ఇరవై ఆరేళ్ళు నైట్ డ్యూటీలు చేసి కొన్నదండీ. ఇప్పుడు అద్దెకిచ్చుకుందాం, రిటైరయ్యాక నేనే వచ్చి ఉందాం అనుకున్నా. ముందు చదువుకునే పిల్లలు దిగారు, మూడు నెలలకి వెళ్ళిపోయారు. తరవాత ఒక కుటుంబం, వాళ్ళూ అంతే. మూడో అంతస్తుకి బిందెలు ఎవరు మోస్తారు? కాలనీలో మిమ్మల్ని ఏమంటున్నారో తెలుసా?"

కాగితం బల్ల మీదే వదిలేసి ఆమె సంచి భుజాన వేసుకుంది.

ఆమె వెళ్ళాక ఆయన ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. భార్య కాగితం చూసింది. చూసి, ఆశ్చర్యపోలేదు. పొయ్యి వైపు తిరిగింది.

"నీకు తెలుసు" అన్నాడు.

ఆవిడ పొయ్యి మంట తగ్గించింది. "అచ్చయినప్పుడే ఒకటి తెచ్చిచ్చాడు. మీకు చూపించొద్దన్నాడు. రేపోమాపో గొట్టాలు ఎలాగూ వేస్తారు కదక్కా, అన్నాడు. వాడి బతుకు ఇప్పుడిప్పుడే ఒక దారిన పడుతోందని..."

"నా బతుకు ముప్పై రెండేళ్ళు ఒకే దారిన ఉంది" అన్నాడాయన. బావమరిది మోసం చేశాడంటే కడుపు మండింది. ఇదే ఇంట్లో, ఇదే కంచంలో వడ్డిస్తూ ఆవిడ ఏడాదిన్నరపాటు ఊరుకుందంటే, ఆ మంట ఆరిపోయి దాని చోట ఇంకేదో చల్లగా కూచుంది.

సాయంత్రం నీళ్ళాయన బావమరిది ఆఫీసుకి వెళ్ళాడు. అద్దాల గది. గోడ మీద తన పటమే నిలువెత్తున ఉంది, గుట్ట మీది గీతతో సహా.

"కూచో బావా, టీ చెప్పనా?"

"ఆ గీత ఎవడు గీశాడ్రా?"

"ప్రింటింగు వాళ్ళు..."

"ఒరేయ్!"

వాడు తల దించాడు. మళ్ళీ ఎత్తేటప్పటికి మొహం మారిపోయింది. "నేనే గీయించా. అయితే ఏంటి? అందరూ ఇలాగే అమ్ముతున్నారు. పదేళ్ళకి అక్కడా నీళ్ళొస్తాయి, అప్పుడు ఇదే జనం నాకు దణ్ణం పెడతారు. అయినా బావా, నీ పటంలో ఉన్నవన్నీ నిజమే కదా. ఒక్క గీతే కదా తేడా!"

"ఆ ఒక్క గీతని నమ్మించడానికేరా మిగతా నిజాలన్నీ వాడుకున్నావు" అన్నాడు నీళ్ళాయన.

ఆ తరవాతి ఆదివారం ఆయన మామూలుగానే బస్సెక్కి ముందు సీట్లో కూచున్నాడు. దిగమనడానికి బావమరిదికి నోరు రాలేదు, బస్సు నిండా జనం. ఆసుపత్రి దాటాక ఆయన లేచి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఊరు మంచిదేననీ, ఇల్లు కొనుక్కోవచ్చనీ, అద్దెలకి ఢోకా లేదనీ చెప్పాడు. తరవాత నునుపు కాగితం పైకెత్తి చూపించాడు. "ఈ ఫొటో నాదే, ఈ మాట నాది కాదు. గుట్ట మీదికి నీళ్ళు రావు." బావమరిది డ్రైవరుతో బస్సు ఆపించి, "దిగు బావా" అన్నాడు, కళ్ళలోకి చూడకుండా. ఆయన దిగి ఇంటికి నడిచాడు. చాలా దూరం.

మర్నాడు నర్సుతో కలిసి నీటి ఆఫీసుకి వెళ్ళి, అసలు గీత ఎక్కడ ఆగుతుందో రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని కాలనీవాళ్ళు ఏడాదిపాటు తిరగ్గా తిరగ్గా, ఇళ్ళు కట్టినవాడు దిగొచ్చి గుట్ట కింద తొట్టి కట్టించి పంపు పెట్టాడు. రోజు విడిచి రోజు అరగంట వస్తాయి. నర్సు ఇంట్లో అద్దెకి దిగినవాళ్ళు ఇంకా ఉన్నారు, తక్కువ అద్దెకి. ఆమె మాత్రం అక్కడికొచ్చి ఉండాలనే మాట మళ్ళీ ఎత్తలేదు. గుట్ట మీద ఆయన్ని చూసి కొందరు నమస్కారం పెడతారు, కొందరు తలుపేసుకుంటారు. ఎవరినీ ఆయన తప్పుపట్టడు.

బావమరిది ఊరికి అవతలి పక్క ఇళ్ళు అమ్ముతున్నాడు. బాగానే అమ్ముడుపోతున్నాయి.

మొన్నామధ్య భార్య గుమ్మం దగ్గర నిలబడి, "తమ్ముడు రేపు భోజనానికొస్తానంటున్నాడండీ" అంది, అడుగుతున్నట్టూ, చెబుతున్నట్టూ కాకుండా.

"రానీ. నీ తమ్ముడు. పెట్టు."

వాడొచ్చాడు. నీళ్ళాయన పక్క గదిలో మంచం మీద కూచుని ఉన్నాడు. గోడ అవతల కంచాల చప్పుడు, అక్కా తమ్ముళ్ళ మాటలు. మధ్యలో వాడు దేనికో నవ్వాడు. ఆ నవ్వు వాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. నీళ్ళాయన లేచి తలుపు దాకా వెళ్ళాడు. గడియ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి కూచున్నాడు.